చక్రం విప్పకుండా పెట్టిన సంతకం

ఈ పనికి తెలుగులో పేరు లేదు. పాత కారు కొనబోయేవాడి తరఫున వెళ్ళి, ఆ కారును పైకెత్తి, విప్పి చూసి, ఉన్నది ఉన్నట్టు కాగితం మీద రాసి సంతకం పెట్టడం. డాలస్ శివార్లలో ఇరవై మూడేళ్ళు ఇదే చేశాను. అందులో ఎక్కువ భాగం స్పోర్ట్స్ కార్లు. పోయిన ఏడాది మానేశాను.

మన తెలుగు సంఘం పత్రికవాళ్ళు వచ్చి "మీ సక్సెస్ స్టోరీ రాయండి" అన్నారు. సక్సెస్ ఏమీ లేదు, ఉన్నా అది రాసుకునే అలవాటు మా ఇంట్లో లేదు. అయితే ఈమధ్య సాఫ్ట్‌వేర్ మీద విరక్తి పుట్టిన ఇద్దరు ముగ్గురు తెలుగు కుర్రవాళ్ళు ఈ పనిలోకి దిగుతున్నారని విన్నాను. పనిముట్లు కొనుక్కున్నారు, టీషర్టుల మీద పేర్లు అచ్చు వేయించుకున్నారు, వీడియోలు పెడుతున్నారు. వాళ్ళ వీడియోలు రెండు చూశాను. కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, టైరును కాలితో ఒక తాపు తన్ని, "వీల్స్ సూపర్ గైస్" అన్నాడొకడు. ఈ నాలుగు ముక్కలు అతని కోసం.

ముఖం చూసి మోసపోయేవాళ్ళు

కారు చక్రానికి రెండు వైపులుంటాయి. ముందు వైపు పక్కింటివాళ్ళ కోసం. వెనక వైపు మన కోసం. కొనేవాళ్ళలో వందకు తొంభైమంది చక్రం వెనక వైపు ఒకటుంటుందని తెలియకుండానే కారు కొంటారు, నడుపుతారు, అమ్మేస్తారు.

కంపెనీ వేసిన అసలు చక్రం వెనక పోతలోనే అంకెలుంటాయి. భాగం నంబరు, వెడల్పు, వ్యాసం, చక్రం బిగించే హబ్ నుంచి ఎంత లోపలికో బయటికో కూర్చోవాలన్న కొలత, తయారైన నెల, ఏడాది. డూప్లికేటు చక్రానికి ముఖం అచ్చుగుద్దినట్టు ఉంటుంది. వెనక మాత్రం నున్నగా ఉంటుంది, లేదా ఏదో ముక్కూ మొహం తెలియని నంబరుంటుంది. ఒక్కోసారి ఏదో గీకేసిన మచ్చ ఉంటుంది. మధ్య రంధ్రం హబ్ కన్నా పెద్దదై, ఆ సందులో ప్లాస్టిక్ రింగు ఒకటి ఇరికించి ఉంటుంది. ఇవేవీ నిలబడి చూస్తే కనిపించవు. కూర్చుని చూసినా సరిగా కనిపించవు. విప్పాలి.

ఇది నాకు నేర్పినవాడు డేల్, మా షాపు యజమాని. ఈస్ట్ టెక్సస్ మనిషి, హైస్కూలు దాటి చదవలేదు. నేను మెకానికల్ ఇంజనీరింగ్ డిగ్రీతో, ఇస్త్రీ చొక్కాతో వెళ్ళాను. మొదటి రోజు ఒక కారు చూపించి చక్రాల గురించి చెప్పమన్నాడు. పది నిమిషాలు మాట్లాడాను. లోహాల గురించి, పోత విధానాల గురించి, బరువు తగ్గితే వచ్చే లాభాల గురించి. అతను ఓపిగ్గా విని, తన చేతుల వైపు చూసుకుని, తర్వాత నా చేతుల వైపు చూశాడు.

"నీ చేతులు శుభ్రంగా ఉన్నాయి. అంటే నువ్వింకా ఏమీ చూడలేదు," అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. మా తాతగారి కాలంలో మా తాలూకాలో కార్లున్నది మా దివాణంలోనే. అవి ఒక్కొక్కటిగా గేటు దాటి వెళ్ళిపోవడం చూస్తూ పెరిగాను. చివరి కారు వెళ్ళేనాటికి దాని నాలుగు చక్రాలూ నాలుగు రకాలు. కార్ల గురించి నాకు ఒక పల్లెటూరి అమెరికన్ చెప్పేదేమిటి అనుకున్నాను. సాయంత్రానికల్లా ఆ కారు వెనక చక్రాలు రెండూ డూప్లికేటువని తేలింది. నేను వాటి లోహం గురించే ఉపన్యాసం ఇచ్చాను.

డేల్ షాపులో తనిఖీ ఫారంలో ప్రతి చక్రానికీ ఒక గడి ఉంటుంది: "విప్పి చూశాను." చూస్తే టిక్కు. చూడకపోతే ఖాళీ. ఖాళీ వదిలితే సిగ్గుపడాల్సిందేమీ లేదు, కారణం రాస్తే చాలు. ఫారం మొత్తంలో అబద్ధం ఆడటానికి అన్నిటికన్నా తేలికైన గడి అదే.

చక్రాలు ఎందుకు మారతాయి

మారడంలో తప్పు లేదు. మార్చి దాచడంలోనే తప్పు. ఫుట్‌పాత్ అంచుకు కొట్టి వంకర పోతే మారుస్తారు. అసలువి తీసి విడిగా అమ్ముకుని, చవకవి బిగించి కారు అమ్మేవాళ్ళున్నారు. రేసు ట్రాకు మీద నలగగొట్టి, ఆ సంగతి కప్పెట్టడానికి మార్చేవాళ్ళున్నారు. వీళ్ళందరికన్నా ఎక్కువమంది కేవలం అందం కోసం మారుస్తారు.

ఈ అందం గురించి నేను మాట్లాడకూడదు, నోరు మంచిది కాదు. అయినా ఒకటి చెబుతాను. పక్క ఊరు కాపెల్‌లో కారు అమ్మకానికి పెట్టిన ఒక కుటుంబరావు, ఇద్దరు పిల్లలు, కారుకు నల్లచక్రాలు. కంపెనీ కొలత కన్నా రెండంగుళాలు పెద్దవి. టైరు మందం చూస్తే దోసె అంత ఉంది. "స్టైల్ అంకుల్," అన్నాడు. గుంత పడిన ప్రతిసారీ అతని వెన్నుపూస, కారు వెన్నుపూస కలిసి ఏడుస్తున్నాయని రాసిచ్చాను. ఆ రిపోర్టు కొనబోయేవాడికి. అమ్మేవాడు చదివి నన్ను వాట్సాప్ గ్రూపులో "నెగటివ్ పర్సన్" అన్నాడట. అనుకోనీ.

మన వాట్సాప్ గ్రూపుల సంగతి వచ్చింది కాబట్టి, మనవాళ్ళు మాత్రమే చేయగల ఒక తప్పు గురించి రాస్తాను. ఈ వ్యాసం దాని గురించే.

మనవాళ్ళు కారు తనిఖీకి ముందే వాహనపూజకు ముహూర్తం పెట్టించుకుంటారు. గుడికి ఫోన్ చేసి స్లాట్ బుక్ చేస్తారు, పదిమందిని పిలుస్తారు, పులిహోర చెబుతారు, ఆ తర్వాత నాకు ఫోన్ చేస్తారు. అప్పటికి నా పని కారు బాగుందో లేదో చెప్పడం కాదు. బాగుందని చెప్పడం. వియ్యంకులు మాట్లాడుకోకముందే శుభలేఖలు పంచే జాతి ప్రపంచంలో ఇంకొకటి ఉందని నేననుకోను.

డాక్టరుగారి గరాజ్

హారిక ఫోన్ చేసింది గురువారం. వరంగల్ పిల్ల, ముప్పై అయిదేళ్ళుంటాయి, ఒక బ్యాంకులో డేటా ఉద్యోగం.

"అంకుల్, రేపు ఫ్రీ ఉన్నరా? ఒక స్పోర్ట్స్ కార్ చూశ్న. ఇన్‌స్పెక్షన్ ఊకె ఫార్మాలిటీ. సాటర్‌డే టెన్ ఫార్టీకి పూజ ఉంది."

"ఫార్మాలిటీ అయితే నేనెందుకమ్మా? పూజారిగారే సంతకం పెడతారు."

"అంకుల్, ప్లీజ్. చిన్నప్పటి సంది డ్రీమ్ నాకు. అమ్మ కూడ వచ్చింది ఇండియా నుంచి. పూజ కాంగనే అమ్మను కూసోబెట్టుకొని డైరెక్ట్ ఆస్టిన్ పోతున్న, అక్క దగ్గరికి."

ఆస్టిన్ అంటే మూడు గంటల హైవే, గంటకు ఎనభై మైళ్ళ వేగం, పక్కన లారీలు. ఆ మాట నాకు స్పష్టంగా చెప్పింది. తెలియదనడానికి నాకు వీల్లేదు.

అమ్మేవారు ఒక రిటైర్డ్ డాక్టరుగారు. నలభై ఏళ్ళుగా ఇక్కడే ఉన్నారు. కారును షాపుకు పంపనన్నారు, ఇంటికే వచ్చి చూసుకోమన్నారు. శుక్రవారం పొద్దున్న జాకీ, పానాలు, అద్దం, టార్చి వేసుకుని వెళ్ళాను. గరాజ్ తలుపు పైకి లేచింది. లోపల నేల మా షాపు గోడలకన్నా శుభ్రంగా ఉంది. వెండి రంగు జర్మన్ కారు. దాని పక్కన డాక్టరుగారు, చేతిలో నా కార్డు పట్టుకుని.

"ఈ ఇంటిపేరు... మీరు ఫలానా దివాణం వారా?" అన్నారు.

అవునన్నాను.

"అయ్యో! మా నాన్నగారు మీ తాతగారి దగ్గర గుమాస్తాగా చేశారండీ. మీ మేడ మెట్ల దగ్గర చెప్పులు విప్పి నిలబడేవారట. రాజాగారి మనవడు మా గరాజ్‌లో జాకీ పట్టుకోవడమేమిటండీ! లలితా, కుర్చీ తీసుకురా. కాఫీ పెట్టు."

కుర్చీ వచ్చింది. టేకు కుర్చీ, చేతులున్నది. ఆ మాటల్లో గౌరవమెంతో, నలభై ఏళ్ళుగా దాచుకున్న లెక్క తీర్చుకోవడమెంతో నాకు ఇవాళ్టికీ తెలియదు. ఆ పూట తెలుసుకోవాలనిపించలేదు. మా తాతగారి పేరు ఎవరైనా గౌరవంగా పలికి పాతికేళ్ళు దాటింది. నేను కూర్చున్నాను.

కారు ఇంజను చూశాను, అడుగు చూశాను, బ్రేకులు చూశాను, అన్నీ పద్ధతిగా. చక్రాల దగ్గరకు వచ్చి జాకీ లాగబోతే డాక్టరుగారు చేయి అడ్డం పెట్టారు.

"వీల్స్ ఒరిజినలండీ. నేను చెబుతున్నాను కదా. మీ వంటివారికి నా మాట మీద నమ్మకం లేదంటారా?"

ఆ మాటకు జవాబు తేలిక. "నమ్మకం ఉంది, అయినా విప్పుతాను." ఆరు నెలలు పనిచేసిన ఎవడైనా అంటాడు. నేను అనలేదు. పెద్దమనిషి మాట ఇచ్చాక మళ్ళీ విప్పి చూడటం మా ఇంటా వంటా లేదు అనుకున్నాను. మా ఇంటా వంటా లేని పనులు చేసే ఇన్నేళ్ళు తిండి తింటున్నానన్న సంగతి ఆ క్షణాన గుర్తు రాలేదు.

కుర్చీలోంచి చక్రం ముఖం కనిపిస్తోంది. ముఖం చక్కగా ఉంది. బోల్టులు కంపెనీవే. ఒక్కటి మాత్రం చూశాను. వెనక చక్రం మడ్‌గార్డు అంచుకు సరిగ్గా అందకుండా బొటనవేలంత లోపలికి కూర్చుని ఉంది. ఆ కారులో అలా ఉండదు. చూశాను, కాఫీ తాగాను. ఫారంలో నాలుగు గడుల్లోనూ టిక్కులు పెట్టాను. విప్పి చూశాను, విప్పి చూశాను, విప్పి చూశాను, విప్పి చూశాను. కింద మా తాతగారి ఇంటిపేరుతో సంతకం.

అసమర్థుడికి కన్ను సరిపోదు. నాకు కన్ను సరిపోయింది. దీనికి అసమర్థత కన్నా తక్కువ రకం మాట వాడాలి. మీరే వెతుక్కోండి.

నిమ్మకాయ

హారిక పూజకు నన్నూ పిలిచింది. శనివారం గుడి పార్కింగులో పదిమంది దాకా ఉన్నారు. కారును డాక్టరుగారే నడుపుకొచ్చారు, భార్య లలితగారితో. పూజ అయ్యాక అక్కడే బానెట్ మీద పెట్టి కాగితాల మీద సంతకాలు చేయాలని ఏర్పాటు. హారిక తల్లి, రిటైరైన హెడ్‌మిస్ట్రెస్, కొబ్బరికాయ పట్టుకుని ఎండలో నిలబడింది. ఆస్టిన్ ప్రయాణానికి సంచి అప్పటికే ముందు సీటు దగ్గర పెట్టేసింది.

పూజారిగారు కుంకుమబొట్లు పెట్టి, నాలుగు టైర్ల కిందా నాలుగు నిమ్మకాయలు పెట్టారు. వెనక చక్రం కింద నిమ్మకాయ పెట్టడానికి ఆయన వంగినప్పుడు నేను సరిగ్గా వెనక నిలబడి ఉన్నాను. కుర్చీ లేదు, కాఫీ లేదు. చక్రం బొటనవేలంత లోపలికి ఉంది. పూజారిగారి చేయి ఆ సందులోకి సులువుగా దూరింది.

ఇక్కడ నా మనసులో ఏం జరిగిందో గొప్పగా రాయను. గొప్పగా ఏమీ జరగలేదు. మొదట ఊరుకుందామనుకున్నాను. డూప్లికేటు చక్రాలతో వేలమంది తిరుగుతున్నారు, రేపు ఫోన్ చేసి ఒకసారి షాపుకు తీసుకురమ్మందాం, అప్పుడే కనిపెట్టినట్టు చెబుదాం అనుకున్నాను. ఇప్పుడు నోరు తెరిస్తే డాక్టరుగారి అబద్ధం కన్నా ముందు నా అబద్ధం బయటపడుతుంది. అంతలో ఆ పెద్దావిడ హారికతో, "స్పీడ్ పోకు బిడ్డా, నాకు గుండె దడ," అంది. హారిక నవ్వి, "ఎనభై కొడతనే అమ్మా, ఈ బండి దాన్కే ఉన్నది," అంది.

"పంతులుగారూ, ఆ నిమ్మకాయ తీయండి," అన్నాను.

"ఏ నిమ్మకాయ?"

"వెనకది. కుడివైపుది. చక్రం విప్పాలి."

"ముహూర్తం ఇంకా ఆరు నిమిషాలే ఉందండీ!"

నా కారు డిక్కీలోంచి జాకీ తెచ్చాను. అందరూ నా చుట్టూ మూగారు. డాక్టరుగారు నవ్వుతూనే, "ఏమిటండీ రాజాగారూ, నిన్న చూశారుగా?" అన్నారు. అందరికీ వినబడేట్టు.

హారిక వైపు తిరిగాను. "అమ్మా, నిన్న నేను చక్రాలు విప్పలేదు. విప్పానని రాశాను."

"వాట్? టిక్స్ ఉన్నయ్ కద అంకుల్, నాలుగు?"

"ఉన్నాయి. అబద్ధం."

"కానీ... ఎందుకు?"

జవాబు కోసం వెతికాను. నిజం తప్ప ఏదీ దొరకలేదు. "డాక్టరుగారు కుర్చీ వేశారు. కూర్చున్నాను."

ఆ హెడ్‌మిస్ట్రెస్ నన్ను పైనుంచి కిందికి చూసింది. "గింతేనా సార్? మా స్కూల్ ఇన్‌స్పెక్టర్లు టిఫిన్ వెడితే గాని సంతకం పెట్టకపోతుండె. మీరు ఒట్టి కుర్చీకే పెట్టిన్రు."

ఆ మాట కన్నా న్యాయమైన మాట నన్ను గురించి ఇంతవరకు ఎవరూ అనలేదు. నేను మోకాళ్ళ మీద కూర్చుని బోల్టులు వదులు చేశాను. రెండు బోల్టులు చేత్తో తిప్పితే వచ్చేటంత వదులుగా ఉన్నాయి.

చక్రం బయటికి లాగి వెనక్కి తిప్పి పెట్టాను. నున్నగా ఉంది. అంకెలు లేవు. మధ్యలో ప్లాస్టిక్ రింగు రెండు ముక్కలై ఉంది. అసలు ప్రమాదం బోల్టు రంధ్రాల్లో ఉంది. ఆ కారు బోల్టు మెడ గోళీలా గుండ్రంగా ఉంటుంది. కంపెనీ చక్రం రంధ్రం దానికి తగ్గట్టు గిన్నెలా ఉంటుంది. ఈ చక్రం రంధ్రాలు గరాటులా వాలుగా ఉన్నాయి. గరాటులో గోళీ పెడితే సన్నటి గీత మేరకే ఆనుతుంది. ఎంత బిగించినా కొన్నాళ్ళకు వదులవుతుంది. ఆ గీత మెరుస్తూ కనిపించింది. రెండు రంధ్రాల మధ్య వెంట్రుకంత పగులు కూడా కనిపించింది. హారికను కూర్చోమని, ఆమె వేలు పట్టి ఆ పగులు మీద పెట్టాను. చెప్పాల్సిన అవసరం రాలేదు. చేయి వెనక్కి లాక్కుని తల్లి వైపు చూసింది.

"నాకేం తెలుసండీ? నేను కొన్నప్పటి నుంచీ ఇవే," అన్నారు డాక్టరుగారు.

"అదేమిటండీ," అన్నారు లలితగారు అమాయకంగా. "ఫుట్‌పాత్‌కి కొట్టి పాడైపోతే మీరే కదా ఆన్‌లైన్‌లో తెప్పించి వేయించారు? డబ్బాలు ఇప్పటికీ పైన అటక మీదే ఉన్నాయి."

డాక్టరుగారు గుడి గోపురం వైపు చూస్తూ ఉండిపోయారు. ఆయన్ని తిట్టే అర్హత నాకు లేదు కాబట్టి నేనూ అటే చూశాను. అబద్ధమాడినవాళ్ళం ఇద్దరం. ఆయన తన సొంత కారు గురించి ఆడారు. నేను జీతం తీసుకుని ఆడాను. ఏది తక్కువ రకమో మీకు చెప్పనక్కర్లేదు.

సంతకాలు జరగలేదు. టో ట్రక్ వచ్చి కారును తీసుకుపోయింది. పూజారిగారు చేతిలో హారతి పళ్ళెంతో అలాగే నిలబడి ఉంటే, హెడ్‌మిస్ట్రెస్ ముందుకొచ్చింది.

"కొబ్బరికాయ తెచ్చినం, పులిహోర తెచ్చినం. మా బిడ్డ పాత బండి ఉంది గదా అక్కడ. దానికే కొట్టుర్రి."

పదేళ్ళ పాత సెడాన్‌కు, అద్దం మీద పక్షిరెట్టతో సహా, మంత్రోక్తంగా వాహనపూజ జరిగింది. ఆస్టిన్‌కు దాన్లోనే వెళ్ళారు. నాకెవరూ ప్రసాదం పెట్టలేదు. నేనూ అడగలేదు.

డేల్ ఏం చేశాడు

సోమవారం పొద్దున్నే డేల్‌కు చెప్పాను. అరుస్తాడనుకున్నాను. అరిస్తే నాకు తేలికగా ఉండేది. మా వంశం మీద పడి అరిచినవాళ్ళను లెక్కచేయకపోవడం మాకు బాగా అలవాటు. అతను అరవలేదు.

"కొత్త రిపోర్టు రాయి. పాతదాంట్లో ఏది అబద్ధమో మొదటి వాక్యంలోనే రాయి. మూడు నెలలు నీ సంతకం చెల్లదు. టైర్లు మార్చే దగ్గరికి వెళ్ళు," అన్నాడు. వెళ్ళబోతుంటే ఆపాడు. "ఈ ఏడాది నువ్వు టిక్కు పెట్టిన ప్రతి కారునూ మళ్ళీ పిలిపిస్తున్నాం. నువ్వే విప్పాలి. నేను పక్కన నిలబడతాను."

మూడు నెలలు టైర్లు మార్చాను. మధ్యమధ్య ఒక్కో పాత కస్టమరు వచ్చేవాడు. నేను విప్పేవాణ్ణి. డేల్ వెనక నిలబడి చూసేవాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అవన్నీ నేను నిజంగానే విప్పి చూసినవి. ఒక్కటి కూడా తప్పు లేదని తేలాక నాకు కొంచెం గర్వం కలిగింది. డేల్‌తో అన్నాను కూడా. "నువ్వు కుర్చీ వెయ్యనివాళ్ళ దగ్గర మాత్రమే నిజాయితీపరుడివి అన్నమాట," అన్నాడు.

కొత్తగా వస్తున్నవాళ్ళు ఆ వాక్యం మీద కాసేపు ఆగండి. మోసగాడు మోసగాడిలా వస్తే మనం నాలుగు చక్రాలూ విప్పుతాం, అవసరమైతే సీట్లు కూడా విప్పుతాం. మర్యాదస్థుడు వస్తాడు, మన ఊరివాడు వస్తాడు, "అన్నా మనం మనం" అంటాడు, ఇంటికి పిలిచి ఇడ్లీ పెడతాడు. ఆ ఇడ్లీ తినండి, తప్పు లేదు. తిన్నాక చేయి కడుక్కుని పానా పట్టుకోండి. మిమ్మల్ని పొగిడే అమ్మకందారు దగ్గర అయిదో చక్రం, అంటే డిక్కీలోది, అది కూడా బయటికి తీయండి. "నా మాట మీద నమ్మకం లేదా" అన్నవాడికి "లేదు" అని చెప్పడం నేర్చుకోండి. చిన్న మాటే. నాకు అది నేర్చుకోవడానికి పదిహేనేళ్ళు పట్టింది.

వీడియోల కుర్రవాడికి ఒక మాట ప్రత్యేకంగా. నీ కెమెరా చక్రం ముందు వైపే ఉంది, బాబూ.

నాలుగోది

ఏడాది తర్వాత హారిక మళ్ళీ వచ్చింది. ఈసారి జపాన్ కారు, ఎర్రది, రెండు సీట్లది. డేల్ ఇంకొకతన్ని పెడతానన్నాడట. ఆమె నా పేరే అడిగిందట. క్షమించిందేమో అనుకుని, నా మంచి చొక్కా వేసుకుని షాపుకు వెళ్ళాను. క్షమించలేదు. కారును మా షాపు లిఫ్టు మీదకు ఎక్కించాక వెళ్ళి ఆఫీసులో కూర్చోమంటే కూర్చోలేదు. చేతులు కట్టుకుని నా భుజం వెనక నిలబడింది.

"ఇప్పండి అంకుల్. నేను చూస్త."

ఎడమ ముందుది విప్పాను. వెనక్కి తిప్పి అంకెలు చూపించాను. కంపెనీదే, కారు తయారైన ఏడాదే. ఆమె ఫోన్‌తో ఫోటో తీసుకుంది. కుడి ముందుది. అదీ అంతే. ఎడమ వెనకది. అదీ అంతే. నా మోకాళ్ళు అప్పటికి అరవై దాటినవి. లేచి చేతులు తుడుచుకున్నాను.

"మూడూ అసలువే. ఒకే సెట్టు. నాలుగోది కూడా అదే అయి ఉంటుంది," అన్నాను.

నేనన్నానా మాట. అంత జరిగాక, ఆ మనిషితో, ఆ షాపులో. అలవాటుగా, పెద్దరికంగా, తలెత్తి అన్నాను.

హారిక బల్ల మీద పెట్టిన పానా తీసి నా ముందుకు చాపింది. నేను తీసుకునేదాకా చేయి దించలేదు.

కుడి వెనకది విప్పాను. తిప్పాను. కంపెనీదే, నంబరు సరిగ్గానే ఉంది. తయారైన ఏడాది మాత్రం మిగతా మూడింటికన్నా రెండేళ్ళు తర్వాతది. టార్చి తీసుకుని లోపల చూశాను. ఆ మూల చక్రాన్ని కారు చట్రానికి కలిపే సస్పెన్షన్ ఆర్మ్ కొత్తది, మిగతా మూడు మూలల్లో ఉన్న దుమ్ము, తుప్పు దాని మీద లేవు. దాని వెనక ఆ చట్రం, అంటే చాసిస్, అంచు ఒకచోట వంగి, సుత్తితో సరిచేసి, నల్లరంగు పూసి ఉంది. ఆ మూల ఎప్పుడో దేన్నో గట్టిగా గుద్దింది. అమ్మేవాడు ఒక్క యాక్సిడెంట్ కూడా లేదని రాసిచ్చాడు.

"ఏంది అంకుల్?"

"ఈ కారు కొనకు," అన్నాను.

ఆమె వంగి తనే టార్చి పట్టుకుని చూసింది, ఫోటో తీసుకుంది. తర్వాత ఫారం నా చేతికిచ్చి, సంతకం పెట్టేదాకా అక్కడే నిలబడింది. నాలుగు గడుల్లోనూ టిక్కులు పెట్టాను. కింద వివరాల దగ్గర సస్పెన్షన్ సంగతి, చాసిస్ సంగతి రాశాను. సంతకం పెట్టబోయి ఆగి, ఇంకొక వాక్యం చేర్చాను. ఆ వాక్యం రాయమని ఎవరూ అడగలేదు, మా ఫారంలో దానికి చోటు కూడా లేదు. పక్కన అంచులో రాశాను:

"నాలుగో చక్రం తనిఖీదారు విప్పలేదు. కొనుగోలుదారు విప్పించింది."